ఇంట్లో ఫోన్ మాట తెగుతోందా? టవర్, వై-ఫై కాలింగ్, ల్యాండ్‌లైన్, మెష్: ఎవరికి ఏది పనికొస్తుంది

మా అమ్మకి ఫోన్ వస్తే మొదట చేసే పని లేచి నడవడం. వంటింట్లో ఉన్నా, దేవుడి గదిలో ఉన్నా "ఉండు, బయటికొస్తా" అంటూ గేటు దాకా వెళ్లి, కొళాయి పక్కన ఒక చెవి మూసుకుని నిలబడి మాట్లాడేది. మా ఇల్లు తిరుపతిలో జీవకోన వైపు, కొండ కిందే. ఒక పక్క కొండ, మిగతా మూడు పక్కలా సందు కూడా సరిగా వదలకుండా కట్టిన మూడంతస్తుల మిద్దెలు. కింద వాటాలో సిగ్నల్ ఒక గీత ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ నెట్ ఉంది కదా అని ఆమె ఫోన్‌లో వై-ఫై కాలింగ్ ఆన్ చేశాను. గేటు దాకా నడక తప్పింది, మాట తెగడం మొదలైంది.

ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్. మర్నాడు నాయనకి స్కానింగ్. "పొద్దున ఏడుకి రండి" అన్నది వినిపించింది, "పరగడుపున రావాలి" అన్నది మధ్యలో కొట్టుకుపోయింది. అమ్మ తెల్లారే లేచి ఇడ్లీలు పెట్టి పంపింది. స్కానింగ్ ఇంకో నాలుగు రోజులు వెనక్కి పోయింది. ఆ నాలుగు రోజులూ ఆమె పడ్డ బాధ చూశాక, ఇది చిన్న విషయం కాదు, తేల్చాల్సిందే అనిపించింది. రెండు నెలలు రకరకాలుగా ప్రయత్నించాను, మా వీధిలో ఇంకో మూడిళ్లలో కూడా సరిచేశాను. కొన్నవి, కొనకుండా ఆగినవి, కొని ఉంటే నష్టపోయేవి అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ముందే ఒక మాట: మాట ఎక్కడ తెగుతోందో తెలుసుకోకుండా ఏ పెట్టె కొన్నా అది లాటరీ టికెట్ లాంటిదే.

ముందు, తెగేది ఎక్కడ?

వై-ఫై కాలింగ్‌లో మన మాట టవర్‌కి పోదు. ఫోన్ నుంచి రౌటర్‌కి గాల్లో, రౌటర్ నుంచి ఫైబర్‌లో, అక్కడ నుంచి ఇంటర్నెట్ మీదుగా మన సిమ్ కంపెనీ గేట్‌వేకి, ఆపైన అవతలి మనిషికి. ఇందులో ఎక్కడైనా తెగొచ్చు, అవతలి మనిషి ఇంట్లో కూడా తెగొచ్చు. అందుకే మొదటి పరీక్షకి పైసా ఖర్చు లేదు: వేర్వేరు ఊళ్లలో ఉన్న ముగ్గురికి, ఒకే కుర్చీలో కూర్చుని, ఐదేసి నిమిషాలు ఫోన్ చేయండి. మదనపల్లెలో ఉన్న చిన్నాయనతో మాట్లాడితేనే తెగి, మిగతా ఇద్దరితో బాగుంటే తప్పు మీ ఇంట్లో లేదు, చిన్నాయన ఇంట్లో ఉంది.

మనం మాట్లాడేది వాళ్లకి వినిపించట్లేదా, వాళ్లది మనకి వినిపించట్లేదా అన్నది కూడా గమనించండి. ముగ్గురూ "నీ మాట తెగుతోంది" అన్నారనుకోండి, మీకు మాత్రం వాళ్ల మాట శుభ్రంగా వినిపిస్తోంది, అప్పుడు మీ ఇంటి నుంచి బయటికి పోయే దారి, అంటే అప్‌లోడ్ దగ్గర ఇరుకు ఉన్నట్టు. చాలామంది డౌన్‌లోడ్ స్పీడ్ ఒక్కటే చూసి నెట్ బాగుంది అనుకుంటారు, ఈ అప్‌లోడ్ సంగతి ఎవరూ పట్టించుకోరు.

రెండో పరీక్షకి ల్యాప్‌టాప్ కావాలి. అమ్మ కూర్చుని మాట్లాడే చోటే, వంటింటి గుమ్మం పక్కన, నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్‌కి పింగ్ పెట్టాలి, అంటే ఒక చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడాలి. చాలా ఇళ్లలో రౌటర్ అడ్రసు 192.168.1.1 లేదా 192.168.0.1, రౌటర్ కింద స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. వందసార్లు పంపించి చూడండి. రౌటర్ ఇంట్లోనే ఉంది కాబట్టి జవాబు రెండు, మూడు, ఐదు మిల్లీసెకన్లలో రావాలి. నాకు ఏమొచ్చిందంటే 3, 4, 3, 212, 5, 480, ఒకటి అసలు రాలేదు, మళ్లీ 4. అంటే మాట ఇంటి గడప దాటకముందే తెగుతోంది. కేబుల్ కంపెనీ వాళ్లని తిట్టుకుంటూ కూర్చుని ఉంటే ఎన్నాళ్లకీ తెమిలేది కాదు.

అదే రౌటర్ వరకు అంకెలు బాగుండి, బయటికి, ఉదాహరణకి గూగుల్ వాళ్ల 8.8.8.8 అడ్రసుకి పింగ్ పెట్టినప్పుడు ఎగిరెగిరి పడుతుంటే తప్పు లైనుది. ఈ రెండు అంకెలూ చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే. కంపెనీకి ఫిర్యాదు చేసేటప్పుడు కూడా "నెట్ బాలేదు" అనే కంటే "రౌటర్ దాకా 3, బయటికి 300, పదిలో ఒకటి పోతోంది" అంటే ఫోన్ ఎత్తినవాళ్లు వేరేలా మాట్లాడతారు.

ప్లాన్ పెంచుకోమంటారు, పెంచకండి

మా ఇంటికొచ్చిన టెక్నీషియన్ చూసీ చూడగానే అన్న మాట, "200 ప్లాన్‌కి మారిపోండి సార్, సరిపోతుంది." ఆ అబ్బాయి మంచివాడే, ఆఫీసులో అలా చెప్పమని ఉంటారు. కానీ లెక్క చూడండి. ఫోన్ కాల్‌లో మన మాట 20 మిల్లీసెకన్లకి ఒక ముక్క చొప్పున, సెకనుకి 50 చిన్న ప్యాకెట్లుగా పోతుంది. పైన చుట్టే తాళాలూ తొడుగులూ అన్నీ కలిపినా 100 కేబీపీఎస్ లోపే. 100 ఎంబీపీఎస్ లైనులో అది వెయ్యో వంతు. నిమిషానికి ఒక ఎంబీ లోపు ఖర్చు. 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లో కూడా నిక్షేపంగా నడవాలి.

మాటకి కావాల్సింది స్పీడ్ కాదు, క్రమం. ఆ 50 ముక్కలూ వరసగా, ఒకే ఎడంతో రావాలి. వీడియో అయితే కాసేపు ముందే తెచ్చి దాచిపెట్టుకుంటుంది, రెండు సెకన్లు నెట్ ఆగినా మనకి తెలియదు. మాటకి ఆ వెసులుబాటు లేదు. ఆలస్యంగా వచ్చిన ముక్కని ఫోన్ పారేస్తుంది, ఎందుకంటే దాని సమయం దాటిపోయింది. పది ముక్కలు వరసగా పోతే ఒక అక్షరం పోయినట్టు. "పరగడుపున"లో ఎన్ని అక్షరాలు పోయాయో లెక్కేసుకోండి. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికం ప్రమాణాలే చెబుతాయి. అది దాటి పెరిగేకొద్దీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ఆగడం, "నువ్ చెప్పు, కాదు నువ్వే చెప్పు" మొదలవుతుంది.

ఇరుకు ఎప్పుడు వస్తుందో మా ఇంట్లో కళ్లారా చూశాను. అక్క కొడుక్కి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి దిగొచ్చిన రోజు అది. ఇంట్లో ఏడు ఫోన్లు, ఒక్కోదాంట్లో వందల ఫోటోలు, వీడియోలు. అందరూ వై-ఫైకి కలవగానే ఫోటోల బ్యాకప్ ఒక్కసారిగా మొదలైంది. అప్‌లోడ్ దారి నిండిపోయింది, రౌటర్ దగ్గర క్యూ కట్టింది, ఆ క్యూలో మాట ముక్కలు కూడా నిలబడ్డాయి, సర్వదర్శనం లైనులో పసిబిడ్డని ఎత్తుకుని నిలబడ్డట్టు. బ్యాకప్ ఆపగానే అర నిమిషంలో మాట బాగుపడింది. సీసీ కెమెరాలు క్లౌడ్‌కి పంపే ఇళ్లలో ఇది రోజంతా ఉంటుంది. స్పీడ్‌టెస్ట్ యాప్‌లో ఈ మధ్య మూడు పింగ్ అంకెలు చూపిస్తున్నారు: ఖాళీగా ఉన్నప్పుడు, డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు, అప్‌లోడ్ అవుతున్నప్పుడు. మొదటిది 10, మూడోది 400 అని వస్తే మీ జబ్బు ఇదే. మందు: రౌటర్ సెట్టింగ్స్‌లో క్యూఓఎస్, అంటే ఏది ముందు పోవాలో వరస పెట్టే సెట్టింగ్, ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దు అసలు స్పీడ్‌లో 85, 90 శాతం దగ్గర పెట్టడం. ఆ సెట్టింగ్ లేకపోతే ఫోటో బ్యాకప్‌ని రాత్రి ఛార్జింగ్ పెట్టుకునే టైమ్‌కి ఆన్ చేసుకోవడం.

ఇప్పుడు ఎంపికలు

వై-ఫై కాలింగ్ ఉన్న ఇంట్లో మొదట దాన్నే సరిచేసుకోండి, కొత్తగా ఏదీ కొనకండి. మన దేశంలో ఇది 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్‌తో మొదలైంది, 2020 జనవరిలో జియో తెచ్చింది, తర్వాత మిగతావాళ్లూ వచ్చారు. విడిగా ఛార్జీ లేదు, మీ ప్లాన్‌లోని కాల్స్‌లోనే పోతుంది, అవతలివాళ్లకి నెట్ ఉండక్కర్లేదు, మామూలు నంబరుకే ఫోన్ పోతుంది. ఆసుపత్రి, బ్యాంకు, స్కూలు, గ్యాస్ ఏజెన్సీ ఎవరైనా సరే. రెండు సిమ్‌లు ఉంటే ఒక్కోదానికి విడిగా ఆన్ చేయాలి, చాలామంది ఒకటే చేసి రెండోది మర్చిపోతారు. కువైట్ నుంచి తెచ్చిన ఫోన్లు మన వైపు ఇళ్లలో ఎక్కువ, వాటిలో కొన్ని మోడళ్లలో ఈ ఆప్షనే కనిపించదు, అది మీ తప్పు కాదు, ఫోన్ సాఫ్ట్‌వేర్ ఆ దేశానిది. వీపీఎన్ యాప్ ఏదైనా ఆన్‌లో ఉంటే తీసేయండి, దాంతో వై-ఫై కాలింగ్ తికమక పడుతుంది.

ఆన్‌లో ఉన్నా ఫోన్ పైన వై-ఫై కాలింగ్ గుర్తు వచ్చిపోతూ ఉంటే ఒక పని చేయండి. పక్కింటివాళ్ల హాట్‌స్పాట్ పది నిమిషాలు అడిగి దానికి కలిపి చూడండి. అక్కడ గుర్తు నిలకడగా ఉండి మీ వై-ఫైలోనే పోతుంటే మీ రౌటర్ అడ్డుపడుతోంది. వై-ఫై కాలింగ్ ఒక తాళం వేసిన సొరంగం లాంటి దారిలో, 500, 4500 అనే యూడీపీ పోర్టుల మీద పోతుంది. కొన్ని రౌటర్లలో ఐపీసెక్ పాస్‌త్రూ అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటుంది, ఫైర్‌వాల్ గట్టిగా పెట్టి ఉంటుంది. కస్టమర్ కేర్‌కి ఈ రెండు పోర్టుల అంకెలు, ఆ సెట్టింగ్ పేరు చెప్పండి, అర్థమయ్యేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

ఇక రౌటర్ ఎక్కడుంది? ఇదే అసలు విషయం. మన ఇళ్లలో ఫైబర్ తీగ స్తంభం మీంచి మిద్దె మీదికి, అక్కడి నుంచి పై గదిలోకి వస్తుంది. తీగ ఎక్కడ దిగితే అక్కడే పెట్టెని మేకుకి తగిలించి వెళ్లిపోతారు. మా పెట్టె పై గదిలో, ఇనుప బీరువా వెనక. అమ్మ కింద వంటింట్లో. మధ్యలో ఐదంగుళాల స్లాబు, దాని నిండా కమ్మీలు. 5 గిగాహెర్ట్జ్ వై-ఫై అలాంటి స్లాబు దాటి రావడం చాలా కష్టం. రౌటర్ ఇచ్చే రెండో రకం, 2.4 గిగాహెర్ట్జ్, దాటి వస్తుంది కానీ నీరసించి వస్తుంది, పైగా మా వీధిలో ప్రతి ఇంటి వై-ఫై, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ 2.4లోనే. అందులో ఒకదానితో ఒకటి తగలని ఛానళ్లు మూడే ఉన్నాయి, 1, 6, 11. వై-ఫై అనలైజర్ లాంటి ఉచిత యాప్ పెట్టి చూస్తే మా ఇంట్లో 6వ ఛానల్ మీద పదకొండు ఇళ్లు కనిపించాయి. 1కి మార్చితే అప్పటికప్పుడే కొంత తెరిపి వచ్చింది. అదే యాప్‌లో సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. మాటకి మైనస్ 67 లేదా అంతకంటే మెరుగ్గా, అంటే మైనస్ 60, మైనస్ 50 వైపు ఉండాలి. అమ్మ కూర్చునే చోట మైనస్ 79 ఉంది.

ఈ నీరసమైన వై-ఫై పూర్తిగా లేని వై-ఫై కంటే చెడ్డది. లేకపోతే ఫోన్ టవర్‌కి పోతుంది. కాస్త ఉంటే దాన్నే పట్టుకుని వేలాడుతుంది. మీ ఇంట్లో టవర్ సిగ్నల్ రెండు గీతలున్నా నిలకడగా ఉంటే, వై-ఫై కాలింగ్ సెట్టింగ్‌లో మొబైల్ నెట్‌వర్క్‌కి ప్రాధాన్యం అనేది ఎంచుకోండి, ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో ఉంటుంది. వోల్టీ, అంటే 4జీ మీదుగా మాట పోయే సెట్టింగ్, మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి, అది ఆఫ్‌లో ఉంటే వై-ఫై నుంచి టవర్‌కి మాట తెగకుండా మారే వీలుండదు, గేటు దగ్గరికి రాగానే కాల్ కట్ అవుతుంది.

ఎక్స్‌టెండరా, మెషా, తీగ లాగి రెండో రౌటరా

రౌటర్ జరపలేని ఇళ్లలో అందరూ అడిగేది ఇదే. నేను మూడూ చూశాను కాబట్టి నిర్మొహమాటంగా చెబుతాను.

ప్లగ్‌లో గుచ్చే చిన్న ఎక్స్‌టెండర్ మాటకి వద్దు. చవక, నిజమే. ఫోన్‌లో వై-ఫై గీతలు నిండుగా చూపిస్తుంది, అదీ నిజమే. కానీ ఒకే రేడియోతో ఇటు వినాలి, అటు చెప్పాలి, దాంతో స్పీడ్ దాదాపు సగం అవుతుంది, ఆలస్యం పెరుగుతుంది, అదీ ఒక క్రమం లేకుండా పెరుగుతుంది. యూట్యూబ్ చూడటానికి పర్వాలేదు. మా పక్కింటి అన్న ఇది కొని నాలుగు రోజులు సంబరపడి, ఐదో రోజు ఆఫీస్ మీటింగ్‌లో మాట తెగి నా దగ్గరికి వచ్చాడు.

మెష్, అంటే ఇల్లంతా ఒకే వై-ఫైగా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెలు, మంచిదే, ముఖ్యంగా ఇంట్లో తిరుగుతూ మాట్లాడేవాళ్లకి. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి ఫోన్ మెత్తగా మారుతుంది. కానీ రేటు ఎక్కువ, పైగా మన స్లాబుల మధ్య పెట్టెలు గాల్లో మాట్లాడుకోవాలంటే మళ్లీ అదే స్లాబు సమస్య. మెష్ కొనేట్టయితే రెండు పెట్టెల మధ్య లాన్ తీగ లాగే వీలున్నది చూసి కొనండి. మూడంతస్తుల సొంతిల్లు, అద్దె వాటాలకి కూడా నెట్ ఇచ్చే ఇల్లయితే ఇదే సరైనది.

మామూలు కుటుంబానికి నా ఓటు తీగకే. పై గదిలో ఉన్న పెట్టె నుంచి క్యాట్ 6 లాన్ తీగ మెట్ల పక్కగా కిందికి దించి, కింద హాల్లో ఇంకో రౌటర్ పెట్టి, దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే పైదాని నెట్‌నే వై-ఫైగా అందించేలా పెట్టాలి. లాన్ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మన ఇళ్లకి 15, 20 మీటర్లు చాలు. ఇంట్లో మూలపడ్డ పాత రౌటర్ ఉంటే అదే వాడుకోవచ్చు: దానిలో డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రసులు పంచే సెట్టింగ్) ఆఫ్ చేసి, పైదాని అడ్రసు 192.168.1.1 అయితే దీనిది 192.168.1.2గా మార్చి, తీగని ఇంటర్నెట్ అని రాసిన పోర్టులో కాకుండా మామూలు లాన్ పోర్టులో పెట్టండి. పేరు, పాస్‌వర్డ్ రెంటికీ ఒకటే ఉంచి, 2.4లో పైదానికి 1, కిందిదానికి 11 ఛానల్ ఇవ్వండి. మాకు తీగ, ఎలక్ట్రీషియన్ కూలి, చిన్న రౌటర్ కలిపి మూడు వేల లోపే అయింది. ఆ రోజు మళ్లీ అదే వంటింటి గుమ్మం పక్కన కూర్చుని వందసార్లు పింగ్ పెట్టాను. 2, 2, 3, 2, 2, 4. ఒక్కటీ ఎగరలేదు. అమ్మ ఫోన్‌లో సిగ్నల్ మైనస్ 48.

అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టనివ్వరు అంటే తీగని గుమ్మం మీద, కిటికీ చట్రం వెంబడి క్లిప్పులతో పోనివ్వండి. బయటి గోడ మీంచి లాగితే మాత్రం పైపులో వేయించండి. కొండ కింద ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు, కోతులు ఏ తీగనీ వదలవు. మా ఫైబర్ తీగ మిద్దె మీద రెండుసార్లు లాగేశాయి. అన్నట్టు, పెట్టె మీద ఇంగ్లీషులో ఎల్ఓఎస్ (LOS) అని రాసిన చోట ఎర్ర లైటు వెలిగితే ఆ తీగ తెగినట్టో బాగా వంగినట్టో. బీరువాకీ గోడకీ మధ్య నలిగిన పసుపు తీగ కూడా ఇదే పని చేస్తుంది. టెక్నీషియన్ వచ్చినప్పుడు వెలుతురు పవర్ ఎంతుందో అడగండి, మైనస్ 27 దగ్గరికి జారి ఉంటే అంచున ఉన్నట్టు, వానకి గాలికి తెగుతూ ఉంటుంది, అతుకు మళ్లీ వేయించుకోవాలి.

ల్యాండ్‌లైన్ సంగతి మర్చిపోకండి

ఫైబర్ ప్లాన్లు చాలావాటితో ల్యాండ్‌లైన్ ఉచితంగానే వస్తుంది, అడిగి తీసుకోవాలి అంతే. పెట్టె వెనక ఫోన్ అని రాసిన చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లో మామూలు ఫోన్ గుచ్చితే చాలు. చాలా కంపెనీలు ఈ మాటకి ఇంటర్నెట్‌తో కలపకుండా వేరే దారి, ముందు వరస ఇస్తాయి, కాబట్టి ఇంట్లో ఏడు ఫోన్లు బ్యాకప్ చేస్తున్నా ల్యాండ్‌లైన్‌లో మాట చెక్కు చెదరదు. వై-ఫై, స్లాబు, ఛానల్, ఏ గొడవా లేదు. తిరుపతి అయితే 0877, చిత్తూరు అయితే 08572 కోడ్‌తో నంబరు వస్తుంది. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి, 2021 జనవరి 15 నుంచి ఇదే నిబంధన. పెద్దవాళ్లకి ఇది చెప్పకపోతే ఫోన్ పాడైందనుకుంటారు.

దీని లోటు తెలిసిందే, మంచం దగ్గరికి మోసుకెళ్లలేం, ఓటీపీలు రావు. అయినా 70 దాటిన అవ్వా తాతా ఇద్దరే ఉండే ఇంటికి నేను మొదట చెప్పేది ఇదే. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి రోజూ ఒక టైమ్‌కి ఫోన్ చేసే ఇళ్లలో దీనంత హాయి ఇంకోటి లేదు. ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడు మొబైల్ నంబరు కింద ఈ నంబరు కూడా రాయండి, మేం ఇప్పుడు అదే చేస్తున్నాం.

వాట్సాప్ కాల్ గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరికీ మంచి నెట్ ఉంటే బాగుంటుంది, మన వాళ్లలో మనం మాట్లాడుకోవడానికి చాలు. మామూలు నంబర్లకి, ల్యాండ్‌లైన్లకి చేయలేం కాబట్టి అదొక్కటే నమ్ముకోవడం కుదరదు. పైగా వై-ఫై చెడి ఉంటే వాట్సాప్ కూడా అక్కడే తెగుతుంది.

సిమ్ మార్చడం, బూస్టర్ పెట్టడం

బయట రోడ్డు మీద కూడా మీ సిమ్‌కి సిగ్నల్ అంతంతమాత్రమే అంటే, మార్చడం గురించి ఆలోచించొచ్చు. నంబరు మార్చే ముందు ఆ కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ ఒకటి విడిగా తీసుకుని వారం రోజులు ప్రతి గదిలో, పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి మాట్లాడి చూడండి. కరకంబాడి రోడ్డులో బాగున్నది జీవకోనలో బాగుండాలని లేదు, తిరుచానూరులో ఉన్న బామ్మర్ది చెప్పాడని మార్చేయకండి. బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడసేవ రోజు ఊళ్లో ఏ టవరైనా కిక్కిరిసే ఉంటుంది, ఆ రోజుల్లో పరీక్ష పెట్టకండి. నచ్చితే ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి ఎస్సెమ్మెస్ పంపాలి. పాత కంపెనీలో కనీసం 90 రోజులు ఉండి ఉండాలి. ఇంకో చిన్న చిట్కా: ఇంట్లో 5జీ గుర్తు వచ్చిపోతూ ఉంటే ఫోన్‌ని 4జీలో పెట్టి చూడండి, 3500 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న 5జీ తరంగాలు గోడలు దాటి రావడం కష్టం, అటూ ఇటూ మారడంలోనే చాలాసార్లు మాట పోతుంది.

సిగ్నల్ బూస్టర్ మాత్రం కొనకండి. ఆన్‌లైన్‌లో యాంటెన్నాతో సహా దొరుకుతాయి, మిద్దె మీద పెట్టించే కుర్రాళ్లూ ఉన్నారు. లైసెన్సు ఉన్న టెలికం కంపెనీలు తప్ప మామూలు జనం వాటిని కొనడం, పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం, టెలికం శాఖ తనిఖీలు చేసి తీసేయిస్తుంది కూడా. చట్టం సంగతి అటుంచితే, మీ బూస్టర్ చేసే రొద టవర్‌కి వినిపించి వీధి మొత్తానికి కాల్స్ చెడిపోతాయి. మీ ఇంట్లో గీతలు పెరిగినందుకు ఎదురింట్లో అంబులెన్స్‌కి ఫోన్ కలవకపోతే?

కంపెనీతో పని పడితే

తప్పు లైనుదో టవర్‌దో అని తేలితే ఊరికే కస్టమర్ కేర్‌తో వాదించకండి. మొబైల్ కంపెనీకైతే 198కి చేసి ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు తీసుకోండి, నంబరు లేని ఫిర్యాదు ఫిర్యాదు కాదు. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, ఆ డాకెట్ నంబరుతో ఉచితంగా అప్పీలు చేసుకోవచ్చు. టెలికం కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్ల మైకాల్ యాప్‌లో కాల్ అయిన వెంటనే మాట ఎలా ఉందో నక్షత్రాలు ఇవ్వొచ్చు, అవి నేరుగా వాళ్లకే పోతాయి. పింగ్ అంకెలు, తేదీ, టైమ్ ఒక కాగితం మీద నాలుగైదు రోజులు రాసి ఉంచుకుంటే ఎక్కడైనా చూపించడానికి పనికొస్తుంది.

కరెంటు పోతే?

మే నెలలో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే మా వైపు మొదట పోయేది కరెంటు. పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, చీకట్లో కూడా మోగేది. ఫైబర్ అలా కాదు, పెట్టె ఆరిపోతే వై-ఫై కాలింగూ లేదు, ల్యాండ్‌లైనూ లేదు. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు పెట్టెల ప్లగ్ దాని లైన్‌లోనే ఉందో లేదో ఈరోజే చూసుకోండి. లేనివాళ్లకి రౌటర్ల కోసమే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, అరచేతిలో పట్టేంత ఉంటాయి. కొనే ముందు పెట్టె కింద స్టిక్కర్ చూడండి, చాలావాటికి 12 వోల్టులు, కానీ 1 ఆంపియరా, 1.5నా, 2నా అన్నది ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, అది సరిపోకపోతే పెట్టె మధ్యమధ్యలో ఆరి వెలుగుతుంది. పైనా కిందా రెండు పెట్టెలుంటే రెండు యూపీఎస్‌లు కావాలి. మేం మొదట ఒకటే కొని, పైదానికి పెట్టి, గాలివాన రోజు కింది రౌటర్ ఆరిపోయాక రెండోది తెచ్చుకున్నాం.

ఇంట్లో పెద్దవాళ్లకి ఇంకొకటి చెప్పి ఉంచండి: మొత్తం ఆరిపోయినప్పుడు కంగారు పడక్కర్లేదు, ఫోన్ దానంతట అదే టవర్‌కి మారుతుంది, గేటు దగ్గరికి వచ్చి మాట్లాడొచ్చు, అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయాలన్నా అక్కడి నుంచే చేయండి అని. అమ్మ ఆ నంబరు కొళాయి పైన గోడ మీద సుద్దతో రాసింది. వానకి చెరిగిపోతే మళ్లీ రాస్తోంది.